పాటల పంతులు బాఖ్

1730 ఆగస్టు 23న సెయింట్ థామస్ పాఠశాల సంగీతోపాధ్యాయుడు లైప్‌జిగ్ నగరపాలకులకు సమర్పించిన విజ్ఞాపనపత్రమొకటి నేటికిని భద్రముగా నున్నది. దేవాలయమున పాడవలసిన బృందమునకు కనీసము 12 మంది, వీలైనచో 16 మంది గాయకులుండవలెనని మొదట విన్నవించి, పిదప తన కొప్పగింపబడిన బాలురను పేరుపేరున పరికించి, పనికివచ్చువారు 17 మంది, ఇంకను సాధన చేయవలసినవారు 20 మంది, బొత్తిగా పనికిమాలినవారు 17 మంది అని ఆయన లెక్క తేల్చెను. నగరము తనకిచ్చిన 8 మంది వాద్యకారుల ప్రజ్ఞను గూర్చి నిజము పలుకుటకు మర్యాద అడ్డువచ్చుచున్నదని చురక కూడ అంటించెను. ఇంతగా విసిగిన ఈ పంతులే, మూడేండ్లకు ముందు, 1727 శుభశుక్రవారమునాడు, ఇట్టి పిల్లల గొంతులనే నమ్ముకొని, రెండు గాయకబృందములు ఎదురెదురుగా పాడవలసిన మత్తయి సువార్తానుసార శ్రమల గాథను వినిపించిన యోహాన్ సెబాస్టియన్ బాఖ్.

ఆ మహానుభావుని తలచునపుడెల్ల కృత్రిమకేశములు ధరించిన గంభీరవదనమే మన మనస్సున మెదలును. నాకు మాత్రము ఆ సంగీతము, వారము తిరుగుసరికి పిల్లలచేత ఏదో యొకటి పాడించి తీరవలసిన ఉద్యోగి చేసిన పనిగా చూచినప్పుడే ఎక్కువగా బోధపడినది. ఆయనయు పాడి చదువుకొన్న బాలుడే. 1685లో ఐసెనాఖ్‌లో జన్మించి, పదేండ్లు నిండునంతలో తల్లిదండ్రుల నిరువురను గోల్పోయి, అన్నగారి ప్రాపున పెరిగి, 1700లో లూనెబుర్గ్‌లోని సెయింట్ మైకేల్ దేవాలయ బృందమున బీదపిల్లలకిచ్చు ఆదరువుతో చేరెను. తరువాత ఆర్న్‌స్టాట్‌లో ఆర్గన్ వాయించు ఉద్యోగము దొరకినది. శిష్యులను మచ్చిక చేసికొను నేర్పు మాత్రము దొరకలేదు. 1705లో బస్సూను వాయించు విద్యార్థి నొకనిని ఆయన ఎగతాళి చేసియుండగా, వాడు నడివీధిలో కఱ్ఱయెత్తి మీదికి వచ్చెను, ఈయన కత్తి దూసెను! ఆ యేడే బుక్స్‌టెహూడె అను విద్వాంసుని ఆర్గన్ వినుటకై నాలుగు వారముల సెలవుపై లూబెక్‌కు కాలినడకన బోయి, ఇంచుమించు నాలుగు మాసములకు గాని తిరిగిరాలేదు.

మ్యూల్‌హౌజెన్, వైమార్, కోటెన్ కొలువులు గడచిన పిమ్మట, 1723లో, లైప్‌జిగ్ వారు మొదట కోరిన టెలెమాన్ రానందునను, పిదప కోరిన గ్రౌప్‌నర్‌ను ఆతని ప్రభువు విడువనందునను, ఆ పదవి బాఖ్‌ను వరించినది. దానిపేరు కాంటర్. పాఠశాల భవనములోనే కాపురము. లాటిన్ పాఠములు కూడ చెప్పవలసియుండగా, ఏటికి 50 థాలర్లు తన జీతమునుండి సహోపాధ్యాయున కిచ్చి ఆ బాధ వదలించుకొనెను. బాలురు నాలుగు దేవాలయములకు పంచబడుదురు. శ్రేష్ఠులు తన వెంట సెయింట్ థామస్, సెయింట్ నికొలస్ దేవాలయములకు వంతుల వారీగా వత్తురు. సంగీతమెరుగక సామాన్యకీర్తనమైనను తంటాలుపడి పాడువారు సెయింట్ పీటర్ దేవాలయమునకు పోవుదురు. శవయాత్రలలో పాడినందుకు వచ్చు రుసుములో కాంటరునకు భాగము కలదు. ఊరి గాలి మంచిదై మరణములు తగ్గుటచే వెనుకటి యేట 100 థాలర్లకు పైగా నష్టము వచ్చినదని బాల్యమిత్రునికి వ్రాసిన జాబును చదివినప్పుడు నవ్వవలెనో నిట్టూర్పు విడువవలెనో తెలియదు.

మొదటి రెండేండ్లలో గాయకులును వాద్యకారులును కలసి ఆరాధనలో వినిపించు కాంటాటా ఇంచుమించు వారమున కొకటి పుట్టినది. స్వరపత్రములు ఆరుటయే తడవుగా శిష్యులును ఇంటివారును కూర్చుండి ఎవరి భాగము వారికి వేరువేరుగా ఎత్తివ్రాయుదురు. కుర్రవాని చేతిలో తన వరుస తప్ప తక్కినవారి పాట ఉండదు గనుక, తాను మౌనముగా నుండవలసిన మాత్రలను మనస్సున లెక్కించుకొనుచు తన వంతు రాగానే అందుకొనవలెను. 1724లో ఆరంభించిన కాంటాటాలలో ఒక విశేషము చూడుడు: క్రింది మూడు గొంతులు ఒకదానినొకటి తరుముచు జటిలమైన అల్లిక యల్లుచుండగా, తారస్థాయిలో పాడు చిన్నపిల్లలకు ఊరిలో ఎల్లరకును తెలిసిన కీర్తన వరుసనే దీర్ఘస్వరములలో, నెమ్మదిగా, ఒప్పగించెను. దానిని శిల్పవైభవమని పండితులు కొనియాడుదురు. కాదనను, కాని అందులో పంతులు లౌక్యము పాలు కూడ తక్కువకాదని నా తలంపు. అయితే ఏకగానములయొద్ద ఆ కనికరమంతయు మాయమగును! ఊపిరి తీయుటకైనను చోటులేని వరుసలను పిల్లవానికిచ్చి పాడుమన్నాడు.

నగరపాలకులను దుర్మార్గులుగా చిత్రించుట మనకు అలవాటైనది. వారిపక్షమున ఒక మాట చెప్పవలెనన్న, తరగతిని అదుపులో నుంచుట బాఖ్‌కు చేతకాదు. 1736లో, బృందమును నడిపించు పెద్దవిద్యార్థిని ఎవరు నియమింపవలెనను విషయమై, ప్రధానోపాధ్యాయుడగు ఎర్నెస్టితో కలహము పుట్టి, ఆరాధన మధ్యలో బాఖ్ ఆ విద్యార్థిని వేదికపైనుండి వెడలగొట్టువరకు సాగినది. ఒక్కొక్కరిని దగ్గర కూర్చుండబెట్టుకొని నేర్పుటలో మాత్రము ఆయనకు సాటిలేరు. 1720లో పెద్దకుమారుడు ఫ్రీడెమాన్ కొఱకు ఆరంభించిన అభ్యాసపుస్తకమే అందులకు సాక్ష్యము. ఆ ఫ్రీడెమాన్ 1746లో సమీపమందలి హాలే నగరమున ఆర్గన్ పదవి చేపట్టెను. తెలుగువారికి ఆ ఊరు బొత్తిగా పరాయిది కాదు: మదరాసునుండి మరలివచ్చిన బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకములను అచ్చువేయించినది ఆ సంవత్సరములలోనే, ఆ ఊరనే.

1749 జూన్‌లో, కాంటర్ బ్రతికియుండగనే, ఆయన స్థానమునకు హారర్ అను నాతనిని నగరము పరీక్షించి చూచెను. మరుసటి యేట రెండు నేత్రచికిత్సలును వికటించి, జులై 28న బాఖ్ మరణించెను. ఆ పిమ్మట కాంటాటాలు చాలవరకు మూలబడినవి. మోటెట్లు అను బృందగానములను మాత్రము సెయింట్ థామస్ బాలురు విడువలేదు. 1789లో మోట్సార్ట్ లైప్‌జిగ్ వచ్చినపుడు, అప్పటి కాంటర్, బాఖ్ శిష్యుడే యగు డోలెస్, రెండు బృందములు కలసిపాడు మోటెట్టు నొకదానిని వారిచే పాడించెను. నేర్చుకొనదగినది ఇన్నాళ్లకు దొరకినదని మోట్సార్ట్ ఉప్పొంగి, అన్ని గొంతులును ఒకచో వ్రాసిన ప్రతి అక్కడ లేకపోగా, పిల్లలు పాడుకొను విడిపత్రములనే తెప్పించుకొని, చేతులలోను, మోకాళ్లపైని, ప్రక్క కుర్చీలమీదను పరచుకొని, చదువుట ముగియువరకు లేవలేదని అక్కడనున్న రోఖ్‌లిట్స్ వ్రాసియున్నాడు.