ఎడమకు జారిన తూకాలు

పోయిన సీజన్లో ఆదోనిలో ఒక పత్తి మండీ లెక్క ఎంతకీ తేలలేదు. కాటా చీటీలు కూడితే ఒక మొత్తం, కంప్యూటర్లో అంతకంటే తక్కువ. తూకాలన్నీ తెరమీదే ఉన్నాయి, కుడి అంచుకు బుద్ధిగా వరుస కట్టి.

కుడి అంచు అంకెలది. ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు పడకపోతే కూడిక తప్పుతుందని చిట్టా రాసిన ఏ గుమాస్తాకూ చెప్పక్కర్లేదు. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ యాపిల్-2 కోసం తెచ్చిన విజికాల్క్ స్ప్రెడ్‌షీట్ కూడా ఆ మర్యాదే పాటించింది: మాటైతే ఎడమకు, అంకైతే కుడికి. అంటే గడిలో ఉన్నదాన్ని యంత్రం ఏమనుకుంటోందో అది కూర్చున్న చోటును బట్టే తెలిసిపోతుంది.

1983లో వచ్చిన లోటస్ 1-2-3 స్ప్రెడ్‌షీట్‌లో రాతకు ముందు ఒంటి కొటేషన్ కొడితే అది ఎడమకు, జంట కొటేషన్ కొడితే కుడికి జరిగేది. ఏది కొట్టినా అది మాట కిందే లెక్క. ఎక్సెల్‌లో ఒంటి కొటేషన్ ఇప్పటికీ అదే పని చేస్తోంది: ‘ఇది అంకె కాదు’ అంటుంది.

లోపలికి జరపడం ఇంకో తంటా. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరునే తీసుకోండి. అక్కడ నూలు పట్టీ రాయాలంటే ‘నూలు’ కింద ‘40 కౌంటు’, ‘60 కౌంటు’ కాస్త లోపలికి ఉండాలి. స్పేస్‌బార్ నాలుగుసార్లు నొక్కితే కంటికి బాగానే ఉంటుంది. యంత్రానికి మాత్రం ఆ ఖాళీలూ అక్షరాలే. వేరే షీటులోని ‘40 కౌంటు’ను వీలుకప్‌తో వెతికితే దొరకలేదంటుంది. ఎక్సెల్ 97తో వచ్చిన ఇండెంట్ బొత్తం గడిలోని రాతను ముట్టుకోదు, అంచుకూ దానికీ మధ్య ఎడం పెంచుతుందంతే. ఇంత చిన్న మేలు అంత ఆలస్యంగా ఎందుకొచ్చిందో!

మండీలో జరిగింది ఇదీ. లాటు నంబరు 0047 కొడితే ఎక్సెల్ సున్నాలు మింగేసి 47 చూపిస్తుంది. అందుకని కంప్యూటర్ దగ్గరి కుర్రాడు ముందు కొటేషన్ పెట్టడం మరిగాడు. చెయ్యి అలవాటుపడి కొన్ని తూకాలకూ పెట్టేశాడు. అవి ఎడమకు పోయాయి, కూడే సమ్ ఫార్ములా వాటిని వదిలేసింది. గడి మూలన పచ్చ త్రికోణం మొలిచినా పట్టించుకున్నవాళ్లు లేరు. పైగా వంకరగా ఉందని ఎవరో వరుసంతా కుడికి సర్దేశారు.

ఆ సర్దుబాటు తీసేసి ‘జనరల్’ పెట్టగానే తొమ్మిది తూకాలు ఎడమకు జారాయి.