ఉద్దానం మూత్రపిండ వ్యాధి: శాస్త్రానికి సమాజం, సమాజానికి శాస్త్రం

చరక సంహిత విమానస్థానంలోని మూడవ అధ్యాయానికి ‘జనపదోద్ధ్వంసనీయం’ అని పేరు. గంగాతీరమున కాంపిల్య నగర ప్రాంతంలో ఆత్రేయ మహర్షి తన శిష్యుడైన అగ్నివేశునికి చేసిన బోధ అందులో ఉన్నది. మనుష్యుల ప్రకృతి, ఆహారం, బలం, వయస్సు వేరువేరుగా ఉండగా ఒకే వ్యాధి ఒకే కాలంలో ఒక జనపదమునంతటినీ ఎట్లు పీడించుననునది శిష్యుని ప్రశ్న. ప్రకృతులు వేరైనను వాయువు, ఉదకం, దేశం, కాలం అను నాలుగూ అందరికీ ఉమ్మడి గనుక, అవి చెడినచో అందరూ చెడుదురని గురువు సమాధానం. ఆయన అంతటితో ఆగలేదు. ఆ నాలుగూ చెడుటకు మూలం అధర్మమనియు, పాలించువారు ధర్మం తప్పినచో వారిని ఆశ్రయించినవారును, పౌరులును, వర్తకులును దానిని మరింత పెంచుదురనియు చెప్పెను. అనగా వ్యాధికారణాన్ని వెదకుచు పోయిన వైద్యుడు చివరకు సమాజం ముంగిట నిలువక తప్పదని మన ప్రాచీనులు గ్రహించిరి.

ఈ మాట పుస్తకంలోనిదే కాదు. మా హరిశ్చంద్రపురం నుండి ఉత్తరంగా పలాస దాటినచో ఉద్దానం వచ్చును. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలలో కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగా ఉండే ఈ సీమకు ‘ఉద్యానం’ అను మాట నుండియే పేరు వచ్చెనని పెద్దలు చెప్పుదురు. అట్టి తోటల సీమ పేరు నేడు ఒక వ్యాధికి పేరైనది. వైద్యపత్రికలలో ‘ఉద్దానం నెఫ్రోపతీ’ అని వ్రాయుచున్నారు. శాస్త్రం, సమాజం ఒకదానినొకటి ఎట్లు నడిపించునో తెలిసికొనుటకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణ మనకు లేదు.

వ్యాధిని ముందుగా చూచినదెవరు?

ప్రయోగశాల కంటె ముందు ఊరు చూచినది. మధుమేహం లేదు, రక్తపోటు లేదు, కాళ్ళవాపు లేదు. నలుబది ఏండ్లైనా నిండని రైతు, కూలీ నీరసించి, ఆకలి చచ్చి, కొంతకాలానికి మరణించుచుండగా, స్థానిక వైద్యులు 1990 దశకంలోనే ఇది సామాన్యం కాదని గుర్తించిరి. విశాఖపట్టణం పెద్దాసుపత్రికి పోయిన రోగులలో ఒకే ప్రాంతం వారు ఎక్కువగా కనబడుట నెఫ్రాలజీ వైద్యుల దృష్టికి వచ్చినది. 2000 దశకం తొలి సంవత్సరాలలో డాక్టర్ టి. రవిరాజు ప్రభృతులు గ్రామాలలోనే పరీక్షలు జరిపి దీనిని వైద్యలోకం ముందుంచిరి. 2019, 2020 సంవత్సరాలలో ప్రచురితమైన రెండు సర్వేలను బట్టి, పరీక్షించిన పెద్దవారిలో ఐదుగురికొకరి చొప్పున మూత్రపిండాలు దెబ్బతిని ఉన్నవి. వారిలో అధికులకు మధుమేహం వంటి తెలిసిన కారణమేదీ లేదు.

ఈ వ్యాధి స్వభావం గ్రహింపదగినది. మూత్రపిండంలో రక్తాన్ని వడపోయు గుచ్ఛములు ముందుగా చెడవు. వాటి దిగువనున్న సన్నని నాళికలు, వాటి మధ్యనున్న ధాతువు నెమ్మదిగా గట్టిపడును. కావున మూత్రంలో ఆల్బుమిన్ తొలిదశలో అంతగా కనబడదు. దేహం వాచదు. మూత్రం కూడా ధారాళంగానే పోవుచుండును. ‘నాకేమి?’ అని రోగి అనుకొనుచుండగానే లోపల సగానికి పైగా శక్తి హరించుకుపోవును.

ఒక్కొక్క కారణం వెనుక ఒక్కొక్క ప్రశ్న

కారణం ఇంకను నిర్ధారణ కాలేదు. భూగర్భజలాలలోని సిలికా, స్ట్రాంషియం వంటి పదార్థాలు, భార లోహాలు, పురుగుమందులు, ఎండలో నీరు త్రాగకుండా చేయు కాయకష్టం, విచ్చలవిడిగా వాడు నొప్పిబిళ్ళలు, వంశపారంపర్య స్వభావం, ఇవన్నీ అనుమాన పట్టికలో ఉన్నవి. ఏ ఒక్కటి ఒంటరిగా వ్యాధినంతటినీ వివరింపజాలకున్నది. కొన్ని కలిసి పనిచేయుచుండవచ్చును.

ఇక్కడ పాఠకులు ఒక సూక్ష్మం గమనింపవలెను. నీరు కారణమైనచో మారవలసినది ప్రభుత్వపు నీటి సరఫరా. పురుగుమందు కారణమైనచో మారవలసినది సేద్యం, దానిని అమ్ము వ్యాపారం. ఎండ, శ్రమ కారణమైనచో పని చేయించుకొనువాడు మారవలెను. నొప్పిబిళ్ళ కారణమైనచో మందుల దుకాణం, చీటీ లేకయే మందిచ్చు అలవాటు మారవలెను. వంశమే కారణమనినచో ఎవరును మారనక్కరలేదు. నింద మాత్రం రోగి ఇంటిమీద పడును. ‘కారణమేది?’ అను ప్రశ్నలో ‘ఎవరు మారవలెను?’ అను ప్రశ్న దాగి ఉన్నది. అందుచేతనే ఏ కారణాన్ని ముందుగా పరిశోధించవలెను, దానికి ధనం ఎవరివ్వవలెను అనునవి కేవలం శాస్త్రజ్ఞుల నిర్ణయాలు కావు.

ఇతర దేశాల అనుభవం

మధ్య అమెరికాలో, ముఖ్యంగా నికరాగ్వా, ఎల్ సాల్వడార్ దేశాలలో, చెరకు తోటల కూలీలకు ఇటువంటి వ్యాధియే ఉన్నది. నికరాగ్వాలో వ్యాధిగ్రస్తులైన కూలీలు సంఘంగా ఏర్పడి, చక్కెర మిల్లుకు అప్పిచ్చిన ప్రపంచ బ్యాంకు అనుబంధ సంస్థ మీద 2008లో ఫిర్యాదు చేసిరి. ఆ సంస్థ ఫిర్యాదుల విభాగం మధ్యవర్తిత్వం వహింపగా, ఇరుపక్షాలు అంగీకరించిన బోస్టన్ విశ్వవిద్యాలయ బృందం పరిశోధన చేసినది. రోగులు అడిగినందున పరిశోధన పుట్టినది. తరువాతి కాలంలో అక్కడి పొలాలలో నీరు, నీడ, విశ్రాంతి కల్పించు పద్ధతి ప్రవేశించినది.

శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలోని వరిసాగు గ్రామాలలోనూ 1990 దశకం నుండి ఇదే బాధ. ప్రజల ఆందోళన మీద 2015లో గ్లైఫోసేట్ అను కలుపుమందును ఆ ప్రభుత్వం నిషేధించినది. కారణం పూర్తిగా తేలకుండగనే తీసికొన్న నిర్ణయం గనుక 2018లో తేయాకు, రబ్బరు తోటలకు సడలించినది. సమాజం శాస్త్రాన్ని కదిలించగలదు. కాని శాస్త్రం చెప్పవలసిన సమాధానాన్ని సమాజమే ముందుగా చెప్పివేసినచో చిక్కులు వచ్చునని దీనివలన తెలియుచున్నది.

మన వైద్యులు వినవలసిన సంగతి

బల్గేరియా, యుగోస్లావియా, రుమేనియా దేశాలలో డాన్యూబు నది, దాని ఉపనదుల తీరగ్రామాలలో 1950 దశకంలో ఒక మూత్రపిండ వ్యాధి బయటపడినది. అర్ధశతాబ్ది పాటు నీటిని, బూజును, లోహాలను అనుమానించిరి. చివరకు గోధుమ చేలలో కలుపుగా పెరుగు అరిస్టొలోకియా మొక్క గింజలు పిండిలో కలియుటయే కారణమని 2007 నాటి పరిశోధన గట్టి ఆధారం చూపినది. అంతకుముందే 1993లో, బెల్జియం దేశంలో సన్నబడుటకై ఇచ్చిన చీనా మూలికలలో ఒకదానికి బదులు ఈ జాతి మొక్క కలిసినందున స్త్రీల మూత్రపిండాలు చెడినవని లాన్సెట్ పత్రిక ప్రకటించినది.

ఈ జాతి మొక్కలు మనకు పరాయివి కావు. మనం ఈశ్వరి వేరు అనునదియు, గాడిదగడపాకు అనునదియు ఈ జాతివే. విషానికి, క్రిములకు, చర్మవ్యాధులకు పల్లెలలో తరతరాలుగా వాడినవే. వీటిలోని అరిస్టొలోకిక్ ఆమ్లం మూత్రపిండాన్ని చెరచుటయే గాక మూత్రమార్గంలో క్యాన్సరు కలిగించునని నేడు సందేహం లేకుండ తేలినది. ఉద్దానం వ్యాధికి ఇవే కారణమని నేను చెప్పుట లేదు. అనాదిగా వాడుచున్నాము గనుక హాని లేదనుట మాత్రం చెల్లదు. పది రోజులలో వచ్చు వాంతిని సంప్రదాయం కనిపెట్టగలదు. పదేండ్లకు వచ్చు మూత్రపిండ క్షయాన్ని కనిపెట్టుటకు లెక్క, పరీక్ష కావలెను. కావున ఈ రెండు మూలికలను లోపలికి ఇవ్వరాదు. గురుముఖంగా నేర్చినవారికి ఈ మాట కష్టంగా తోచవచ్చును గాని, రోగి హితమే శాస్త్రానికి ప్రమాణం.

శాస్త్రం సమాజాన్ని మార్చిన తీరు

నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలలో ఎముకలు వంగిపోవు వ్యాధికి నీటిలోని ఫ్లోరైడు కారణమని 1937లో షార్ట్ ప్రభృతులు తెలిపిరి. కారణం తెలిసిన తరువాత కూడ తెలుగు పల్లెలు దశాబ్దాల పాటు ఆ నీరే త్రాగినవి. నాగపూరులోని జాతీయ సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడును తగ్గించు ఉపాయం కనిపెట్టి దానికి ‘నల్గొండ పద్ధతి’ అని పేరుపెట్టినది. వ్యాధికారణం తెలియుట ఒక ఎత్తు, మంచినీటి కుళాయి వచ్చుట మరొక ఎత్తు. రెండవదానికి ప్రజల పట్టుదల కావలెను.

ఉద్దానంలో క్రమం తిరుగబడినది. కారణం తేలకమునుపే నీరు వచ్చినది. ప్రజల ఒత్తిడి మీద సోంపేట, పలాస, కవిటి ఆసుపత్రులలో డయాలసిస్ కేంద్రాలు ఏర్పడినవి. 2019లో డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను నిర్ణయమైనది. హిరమండలం జలాశయం నుండి వంశధార నీటిని ఏడు మండలాలకు తెచ్చు సుమారు 700 కోట్ల రూపాయల పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమైనవి. నీరు మారినందున వ్యాధి తగ్గునో లేదో ఏండ్లు గడిచినగాని తెలియదు. ఊరూరా పరీక్షల లెక్కలను భద్రపరచినచో ఆ నీరే ఒక సమాధానం చెప్పును. లెక్కలు లేనిచో గొప్ప అవకాశం చేజారును.

మరొక ముఖం కూడ ఉన్నది. ‘క్రియాటినిన్’ అను మాట ఈనాడు ఉద్దానంలో చదువురానివారి నోట కూడ పలుకుచున్నది. ఆ అంకె పింఛనుకు గీటురాయి. సంబంధాలు కుదుర్చుకొనువారికి అనుమానానికి తావు. ఊరి పేరు చెప్పగానే పెండ్లిమాట వెనుకకు పోవుచున్నదని తల్లిదండ్రుల వ్యథ. అందువలన పరీక్షకు వెనుకాడుదురు; వ్యాధి ముదిరిన పిమ్మట వత్తురు. రక్తం తీసికొనిపోయినవారు ఫలితం చెప్పలేదను మాట కూడ పలు గ్రామాలలో వినవచ్చును. రక్తమిచ్చినవానికి ఫలితం చెప్పుట మర్యాద మాత్రమే కాదు, అది పరిశోధనలో భాగం. నమ్మకం పోయిన ఊరిలో తరువాతి పరిశోధకునికి చేయి చాచువారుండరు.

సోంపేట బీల సంగతి కూడ ఇక్కడ స్మరింపదగినది. థర్మల్ విద్యుత్కేంద్రానికై పనికిరాని భూమిగా లెక్కించిన ఆ చిత్తడినేల వరికి, చేపలకు, ఊరి నీటికి ఆధారమని రైతులు, మత్స్యకారులు మొత్తుకొనిరి. 2010 జులై 14న జరిగిన కాల్పులలో ప్రాణనష్టం కలిగినది. అదే రోజున పర్యావరణ అప్పీలు న్యాయాధికార సంస్థ ఆ అనుమతిని రద్దు చేసినది. నేలను దినదినం త్రొక్కువాని జ్ఞానం నివేదికలో చేరనిచో నివేదిక శాస్త్రం కాజాలదు.

ఇంటింటా పాటించవలసినవి

ఇరువది ఏండ్లు దాటిన ప్రతివారును ఏడాదికొకసారి రక్తంలో క్రియాటినిన్ చూపించుకొనవలెను. మూత్రపరీక్ష ఒక్కటే చాలదు. ఆ అంకెను వయస్సుతో కలిపి వడపోత సామర్థ్యాన్ని వైద్యునిచే లెక్క కట్టించుకొనవలెను. సన్నని దేహం గలవారికి సాధారణంగా కనబడు అంకె కూడ ఒక్కొక్కసారి లోపాన్ని దాచును.

ఒళ్ళునొప్పులకు నొప్పిబిళ్ళలు స్వయంగా కొని మ్రింగరాదు. వాటికి బదులు నువ్వులనూనె గోరువెచ్చగా మర్దించి, వేడినీటి కాపడం పెట్టవచ్చును.

ఎండలో పనిచేయు ఆరోగ్యవంతులు దాహం కొరకు వేచియుండక తరచు నీరు, పలుచని మజ్జిగ, బార్లీ జావ త్రాగవలెను. మధ్యాహ్నపు ఎండలో నీడపట్టున విశ్రాంతి తీసికొనవలెను. వ్యాధి ఉన్నవారు ఎంత నీరు త్రాగవలెనో వైద్యుని అడిగియే నిర్ణయించుకొనవలెను.

కొబ్బరినీరు మన సీమ అమృతమే. అయినను మూత్రపిండశక్తి క్షీణించినవారికి అందలి పొటాషియం బయటకు పోక నిలిచి గుండె లయను చెరచును. గలిజేరులోను పొటాషియం లవణం మెండు. ‘మూత్రానికి మంచిది’ అని ఈ రెండింటిని వ్యాధి ముదిరినవారికి ఇవ్వరాదు.

చిల్లగింజను అరగదీసి కలిపినచో మడ్డినీరు తేరును. కాని నీటిలో కరిగియున్న లవణాలు, లోహాలు దానివలన పోవు. తేటగా ఉన్న నీరెల్ల మంచినీరు కాదు.

భస్మాలు, పేరులేని పొడులు వాడరాదు. ఏ మందు తినుచున్నను, అది మూలికయైనను, డయాలసిస్ వైద్యునికి దాచక చెప్పవలెను. మూలికలతో డయాలసిస్ మానిపింతుమనువారిని నమ్మరాదు. మానినవారి ప్రాణానికే ముప్పు.

చివరగా, ఎవరైనను పరీక్షకై మీ ఊరికి వచ్చినచో చేయి చాపుడు. ఫలితం కాగితం మీద అడిగి తీసికొనుడు. ఆ కాగితాలను ఇంటిలో పదిలపరచుడు. రేపు కారణం తేల్చబోవునది ఆ కాగితాలే. వ్యాధి వచ్చిన ఇంటితో వియ్యమందుటకు భయపడక, ఆ ఇంటి పిల్లలకు ముందుగా పరీక్ష చేయించుడు. వాయువు, ఉదకం, దేశం, కాలం ఉమ్మడివని ఆత్రేయుడు చెప్పెను. వాటిని కాపాడుకొను బాధ్యత కూడ ఉమ్మడిదే.