గుడారం ఎక్కడ వేయాలి?

ఇల్లు కట్టుకొనేవారు స్థలం కోసం నెలల తరబడి వెతుకుతారు. మెరకా, పల్లమా, నీరు పడుతుందా అని పదిమందినీ అడుగుతారు. గుడారం వేసుకొనేవారు మాత్రం, "ఒక్క రాత్రికే గదా!" అని అయిదు నిమిషాలలో తేల్చేస్తారు. పిల్లలూ, ఆ ఒక్క రాత్రి ఎంత పెద్దదో నాకు తెలుసు. ముప్ఫై యేళ్లు బడిలో భూగోళం చెప్పిన నేను, కొండలలో గుడారానికి చోటు ఎన్నుకోవటంలో తప్పాను. ఆ కథ చెబుతాను, వినండి.

అది మే నెల. సెలవులకు వచ్చిన మా మనుమడూ, మనుమరాలూ, "తాతయ్యా, జనం లేని చోట, కొండల మధ్య గుడారం వేసుకొందాం" అని పట్టుబట్టారు. మా అబ్బాయీ, కోడలూ సరేనన్నారు. విశాఖపట్నంలో అరకులోయ రైలెక్కాం. ఆ రైలు సొరంగం తరువాత సొరంగం దాటుకొంటూ పైకి పోతుంది. అరకులోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున వున్నది. వెయ్యి మీటర్లు పైకి పోతే గాలి ఇంచుమించు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. అందుచేత విశాఖలో చెమటలు కక్కిన పిల్లలు అరకులో దిగగానే పరుగులు మొదలుపెట్టారు.

అక్కడినుంచి జీపులో ఒక చిన్న గిరిజన గ్రామానికి చేరాం. ఊరిపెద్దను అడిగితే, "వుండండి బాబూ, దానికేం!" అన్నాడు. చోటు మాత్రం మేమే ఎన్నుకొన్నాం. ఊరికి కొంచెం దూరాన రెండు గట్ల నడుమ తెల్లని ఇసుక పరచుకొని వున్నది. గాలి తగలదు, రోడ్డు కనబడదు. పరుపు లేకున్నా మెత్తని పడక! "ఇంతకంటె మంచి చోటు దొరకదు" అన్నాను నేను. గుడారం నిలబెట్టి, మూడు రాళ్లతో పొయ్యి పెట్టాం.

మధ్యాహ్నం మూడు గంటలకు ఊరిపెద్ద మమ్మల్ని చూడవచ్చాడు. వస్తూనే ఆగిపోయాడు.

"ఇది గెడ్డ బాబూ!" అన్నాడు.

ఆ ప్రాంతంలో కొండవాగును గెడ్డ అంటారు. "చుక్క నీరు లేదు గదా!" అన్నాను.

ఆయన నాతో వాదించలేదు. మా మనుమరాలికి పక్కనున్న పొదను చూపించాడు. నా నడుమెత్తున దాని కొమ్మలలో ఎండుగడ్డీ, పుల్లలూ చిక్కుకొని వున్నవి. "ఆ చెత్త అంత ఎత్తున ఎవరు పెట్టారమ్మా?" అని అడిగాడు.

పిల్ల కొంతసేపు చూచింది. "గడ్డి అంతా ఒకే వైపుకు వాలి వున్నది. నీళ్లే తెచ్చి పెట్టాయి, తాతయ్యా! నీళ్లు అంత ఎత్తున వచ్చాయి!" అన్నది.

నాకు సిగ్గు వేసింది. కాళ్లకింద చూచుకొన్నాను. రాళ్లన్నీ నున్నగా, గుండ్రంగా వున్నవి. నీటిలో దొర్లి దొర్లి రాళ్లు నునుపెక్కుతాయని ఎన్ని తరగతులకు చెప్పానో! ఆ పాఠం మీదనే నేను పక్క వేసుకొన్నాను.

గుడారం విప్పి, ఆయన చూపిన మెరక చోటికి మార్చాం. అయిదు గంటలయ్యేసరికి దూరాన కొండనెత్తిన మబ్బు నల్లబడింది. వేసవి ఎండకు నేల కాగినప్పుడు, తేమతో నిండిన వేడిగాలి పైకి లేస్తుంది. కొండవాలు దానిని ఇంకా పైకి నెడుతుంది. అక్కడ చల్లబడి ఉరుములవాన అవుతుంది.

మెరుపు మెరిసింది. మా మనుమడు అంకెలు లెక్కపెట్టాడు. పదిహేను సెకండ్లకు ఉరుము వినబడింది. ధ్వని ఒక కిలోమీటరు పోవటానికి సుమారు 3 సెకండ్లు పడుతుంది. కనుక పిడుగు పడేచోటు 5 కిలోమీటర్లే! మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకండ్లకంటె తక్కువ వుంటే పక్కా ఇంటిలోకో, తలుపులు మూసిన కారులోకో చేరాలి. గుడారం పిడుగునుంచి కాపాడదు. చెట్టుకింద నిలబడటం మరీ ప్రమాదం. ఊరిపెద్ద తాళం తీయించి మమ్మల్ని ఊరి బడిలో కూర్చోబెట్టాడు.

మా మీద నాలుగు చినుకులే పడ్డాయి. కాని కొంతసేపటికి గెడ్డ వైపునుంచి బండ్లు దొర్లినట్లు మోత వినవచ్చింది. కొండవాలున పడిన వాన ఇంకేలోపే అన్ని వైపులనుంచీ జారి ఒకే గెడ్డలో చేరుతుంది. అందుకే పైన కురిస్తే, చినుకు పడని చోటికి కూడా వరద వస్తుంది. ఉరుములు ఆగినాక గట్టుమీదినుంచి చూచాం. ఎర్రని నీరు గట్లు ఒరుసుకొని పారుతున్నది. తెల్లవారేసరికి నీరు తీసింది. మా పొయ్యిరాళ్లు మూడూ లేవు. మా కోడలు పిల్లలనిద్దరినీ దగ్గరికి తీసుకొని చాలాసేపు మాట్లాడలేదు.

ఆనాటినుంచి మా ఇంట గుడారపు చోటును పిల్లలే పరీక్షిస్తారు. మొదట కిందికి చూస్తారు: ఇసుక, నున్నని రాళ్లు, పొదలలో చెత్త వుంటే ఆ చోటు నీటిది. తరువాత పైకి చూస్తారు: ఎండిన కొమ్మగాని, వదులైన బండగాని వుంటే అక్కడ నిద్ర వద్దు. కొండకొమ్మున గాలీ, పిడుగూ భయం. లోయ అడుగున చలి, ఎందుకంటే రాత్రివేళ చల్లగాలి బరువెక్కి నీరులాగే పల్లానికి జారుతుంది. కాబట్టి వాలు నడుమ చదునుగా వున్న చోటు మంచిది. ఊటకు అరవై మీటర్లయినా ఎడంగా వుండాలి. మన మురికి దానిలో కలవరాదు. తాగే నీరు తెర్లిన తరువాత కనీసం ఒక నిమిషం మరగాలి. మన్యంలో మలేరియా వున్నది కనుక దోమతెర మరువరాదు. అడవి అయితే అటవీశాఖవారి అనుమతి కావాలి. ఎండుటాకుల మధ్య నిప్పు రాజేయరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఇంకొకటి. ఏకాంతం కోరుకోవచ్చు, కాని నడిచి చేరగలిగిన దూరంలో ఒక ఊరు వుండాలి. ఆ ఊరివారిని అడగాలి. మేమూ అడిగాం. "ఇక్కడ వుండవచ్చునా?" అన్నాం గాని, "ఎక్కడ వుండమంటారు?" అనలేదు. ఆ రెండో ప్రశ్న అడిగివుంటే గుడారం రెండుసార్లు వేసే పని లేకపోయేది.

పిల్లలూ, ఈసారి అమ్మానాన్నలతో ఎండిన వాగు దగ్గరికి పోయినప్పుడు పొదలను పరీక్షించండి. చెత్త ఎంత ఎత్తున చిక్కుకొని వున్నదో మీ ఎత్తుతో పోల్చి చూడండి. ఆ వాగు సంగతి మీకే తెలుస్తుంది.