కాంటర్ కుదరాలంటే కాంటర్ ఆపాలి!

2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో అనుష్ అగర్వాలా, హృదయ్ ఛెడా, దివ్యకృతి సింగ్, సుదీప్తి హజేలా డ్రెస్సాజ్ జట్టు స్వర్ణం గెలిచారు. అశ్వక్రీడల్లో మన దేశానికి 41 ఏళ్ల తర్వాత దక్కిన బంగారం అది. ఆ తర్వాత సింగపూర్‌లోని మా ఇంట్లోనూ శనివారం సంగీతం క్లాసు పక్కన గుర్రపు స్వారీ వచ్చి చేరింది.

వన్-నార్త్ నుంచి బుకిట్ తీమా శాడిల్ క్లబ్ పెద్ద దూరమేమీ కాదు. పందేల నుంచి విరమించిన గుర్రాలకు స్వారీ నేర్పేందుకు 1951లో మొదలైన క్లబ్ ఇది. 2024 అక్టోబరు 5న క్రాంజీలో ఆఖరి పందెం జరిగింది. పరుగు తప్ప వేరే విద్య రాని గుర్రానికి రెండో బతుకు దొరకాలంటే కాంటర్‌ను కొత్తగా నేర్చుకోక తప్పదు.

కాంటర్‌ది మూడు దరువుల లయ. బయటి వెనక కాలు మొదట, లోపలి వెనక కాలు, బయటి ముందు కాలు కలిసి తర్వాత, చివర లోపలి ముందు కాలు. ఆపైన నాలుగు కాళ్లూ గాల్లో ఉండే ఒక్క క్షణం. పందెపు గుర్రం మెడ చాచి, బరువు ముందుకాళ్ల మీద వేస్తుంది. డ్రెస్సాజ్‌లో ఆ బరువు వెనక్కి రావాలి.

అందుకని గంటసేపు కాంటర్ చేయిస్తే గుర్రం అలసిపోవడమే మిగులుతుంది, అందులోనూ ఈ ఉక్కలో. 20 మీటర్ల వలయంలో ట్రాట్ నుంచి కాంటర్‌లోకి తేవాలి. పది పన్నెండు అంగల తర్వాత, లయ చెడకముందే, మళ్లీ ట్రాట్‌లోకి దించాలి. ఇలా ఎక్కించి దించిన ప్రతిసారీ వెనక కాళ్లు ఒంటి కిందికి వస్తాయి. నడక నుంచి నేరుగా కాంటర్ ఆ తర్వాతి మాట.

అసలు పని కాంటర్ అడగకముందే ఉంది. ట్రాట్‌లో వలయాన్ని 15 మీటర్లకు కుదించి, లోపలి కాలితో మెల్లగా బయటికి నెట్టాలి. గుర్రం నడుము వంగుతుంది, బయటి పగ్గం చేతికి అందుతుంది. అప్పుడు రౌతు ఒక్క క్షణం కుదురుగా కూర్చుని, బయటి కాలు కాస్త వెనక్కి జరిపితే చాలు. తొందరపడి మడమలతో పొడిస్తే ట్రాటే వేగం పుంజుకుంటుంది, కాంటర్ రాదు. పగ్గాలు లాగి నెమ్మది చేయబోతే మూడు దరువులు నాలుగవుతాయి. చూసేవారికి ఒద్దికగా కనిపించినా అది చెడిన కాంటరే.

రౌతు కొద్దీ గుర్రమని మన పెద్దలు ఊరికే అనలేదు. ‘మా పిల్ల కాంటర్ ఎప్పుడు చేస్తుంది?’ అని కంచె పక్క నుంచి అడిగే మనం, ఈసారి ట్రాట్‌లోకి దిగేటప్పుడు గుర్రం తల ఎగరేసిందా లేదా అన్నది గమనిస్తే మేలు.