పెంపుడు కుందేలుని పొలంలో వదిలేస్తే బతుకుతుందా?

మొన్న ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు: "అన్నా, ఇల్లు మారుతున్నాం. కొత్త ఓనర్ కుందేలు వద్దంటున్నాడు. ఊరి బయట పొలంలో వదిలేస్తే హాయిగా బతుకుతుంది కదా?"

వద్దు తమ్ముడూ. ఎందుకో చెప్తా.

మనం రెండింటినీ కుందేలు అనే అంటాం, కొన్ని ఊళ్లలో చెవులపిల్లి అంటారు. కానీ అవి వేర్వేరు జంతువులు. మన చేలల్లో, తుప్పల్లో ఉరికే గోధుమరంగు కుందేలు 'హేర్'. షాపులో కొనే కుందేలు 'ర్యాబిట్'. దాని పూర్వీకులది స్పెయిన్, పోర్చుగల్ వైపు. హేర్‌కి 48 క్రోమోజోములు, ర్యాబిట్‌కి 44. రెండూ కలిసి పిల్లల్ని కనలేవు.

ఇప్పుడు ఇళ్ల సంగతి చూద్దాం. మన అడవి కుందేలు బొరియ తవ్వదు. గడ్డి దుబ్బు కిందో, పొద చాటునో ఒళ్లు పట్టేంత చిన్న గుంటలో పగలంతా కదలకుండా కూర్చుంటుంది. చీకటి పడ్డాక మేతకి వస్తుంది. దాని ధైర్యమంతా రెండే: మట్టిలో కలిసిపోయే రంగు, పరుగు. పిల్లలు కూడా ఒంటి నిండా బొచ్చుతో, కళ్లు తెరిచే పుడతాయి.

ర్యాబిట్ అలా కాదు. అడవిలో ఉండే ర్యాబిట్లు నేల కింద బొరియలు తవ్వి గుంపుగా ఉంటాయి. పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. తల్లి తన బొచ్చు పీకి వాటికి పరుపు వేస్తుంది.

ఇప్పుడు మీ తెల్ల కుందేలుని పొలంలో ఊహించుకోండి. దాక్కోడానికి బొరియ లేదు, తోడు లేదు. ఆ తెలుపు గద్దకీ, కుక్కకీ దూరం నుంచే కనిపిస్తుంది. పైగా ర్యాబిట్‌కి మనలా చెమట పట్టదు, ఒంట్లో వేడి ఎక్కువగా చెవుల నుంచే పోవాలి. 30 డిగ్రీలు దాటితేనే దానికి కష్టం. మన మే నెల సంగతి మీకు తెలుసు.

అందుకే పెంచేవాళ్లు ఇంట్లోనే బొరియ లాంటిది ఇవ్వాలి. దూరి దాక్కోడానికి ఒక అట్టపెట్టె, నీడ, వెనక కాళ్ల మీద నిలబడేంత ఎత్తు, గెంతడానికి చోటు, ఎప్పుడూ అందుబాటులో ఎండుగడ్డి. ఉత్త ఇనుప జాలీ మీద ఉంచితే పాదాలు పుండ్లు పడతాయి. పెంచలేకపోతే తెలిసినవాళ్లకి ఇవ్వండి, పశువుల డాక్టర్‌ని అడగండి. పొలంలో మాత్రం వదలొద్దు.

దీనికి రివర్స్ తప్పు నేనే చేశా. చిన్నప్పుడు తాతయ్య వాళ్ల వేరుశనగ చేలో ఒంటరి కుందేలు పిల్ల కనిపిస్తే, తల్లి వదిలేసిందనుకుని ఇంటికి తెచ్చా. మూడో రోజుకి చచ్చిపోయింది. తర్వాత తెలిసింది, తల్లి దాన్ని వదిలేయలేదు. శత్రువులు పసిగట్టకుండా దూరంగా ఉండి, పాలివ్వడానికే వస్తుందట. ఇంకో విషయం, అడవి కుందేలుని పట్టుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా.

సో ఫ్రెండ్స్, ఇంట్లోది ఇంట్లోనే, చేలోది చేలోనే. కుందేలు పెంచే ఫ్రెండ్ ఉంటే ఈ ఎపిసోడ్ షేర్ చేయండి.