ఫోనులో వచ్చు పెట్టుబడి బేరములు – రైతులు గమనింపవలసిన విషయములు

పంట అమ్మిన సొమ్ము చేతికి వచ్చి, మరుసటి పైరుకు ఇంకను వ్యవధి యున్నపుడు ఆ సొమ్ము బ్యాంకులో ఊరక పడియున్నట్లు తోచును. అట్టి వేళ ముక్కు మొగము తెలియని వ్యక్తి ఫోను చేసి, "లక్ష రూపాయలు పెట్టండి, నెలకు పదివేలు లాభం. ఈ అవకాశం సాయంత్రం వరకే" అని తొందర పెట్టవచ్చును. ఈ బేరమునకు లోబడినచో పోవునది రాబోవు పైరు పెట్టుబడియే.

మొదట లెక్క చూడుడు. నూటికి నెలకు 10 రూపాయలనగా ఏడాదికి 120. బ్యాంకులో 7 శాతము వడ్డీకి వేసిన సొమ్ము రెట్టింపగుటకు సుమారు 10 సంవత్సరములు పట్టును. నెలకు 10 శాతము నిజముగా వచ్చు వ్యాపారము గలవాడు బ్యాంకులో అప్పు తెచ్చి తానే లాభపడును గాని, మీ సొమ్ము అడుగనేల?

మోసము జరుగు విధము: మొదట కొద్ది సొమ్ము పెట్టించి, దానిపై కొంత తిరిగి ఇత్తురు. ఇది గాలమునకు గ్రుచ్చిన ఎర. ఫోనులోని యాప్‌లో మీ లాభము దినదినము పెరుగుచున్నట్లు కనబడును. అవి వట్టి అంకెలే. పెద్ద మొత్తము పెట్టి, తిరిగి అడిగినపుడు "ముందు పన్ను కట్టండి" అందురు. అదియు కట్టిన పిమ్మట ఫోను పలుకదు. తొందర పెట్టుటయు మీరు మరొకరిని సంప్రదింపకుండుటకే.

పాటింపవలసిన పద్ధతులు:

1. విత్తనము కొనునపుడు నీలిరంగు ధ్రువీకరణ చీటీ చూచెదరు గదా. అట్లే షేర్ల వ్యవహారములో సెబీ రిజిస్ట్రేషను నంబరు అడుగుడు. ఇతరుల నంబరు చెప్పి మోసగించువారు కలరు. కావున సెబీ వెబ్‌సైటులో మీరే సరిచూచుకొని, అందున్న ఫోను నంబరుకే మాటలాడుడు.

2. లాభము తప్పక వచ్చునని హామీ ఇచ్చుట సెబీ నిబంధనలకు విరుద్ధము. ఆ మాట విన్నంతనే ఫోను పెట్టివేయుడు.

3. ఎంతటి బేరమైనను ఇంటివారితోను, బ్యాంకు మేనేజరుతోను మాటలాడక సొమ్ము పంపరాదు.

4. సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచరాదు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేసి, మీ బ్యాంకుకును తెలుపుడు. సొమ్ము చేతులు మారకముందే ఆపగల అవకాశము తొలి గంటలలోనే యెక్కువ.

5. పోయిన సొమ్ము రాబట్టెదమని రుసుము అడుగువారిని నమ్మరాదు. అది రెండవ మోసము.

మంచి బేరమైనచో రేపటికిని మంచిదే. నేడే తేల్చుమనువానిని విడిచిపెట్టుటయే క్షేమము.