కునుకు కరువు.. గుండెల్లో బుగులు

రాత్రి రెండు దాటినా జహీరాబాద్ పూర్తిగా నిద్రపోదు. పుణె నుంచి మచిలీపట్నం దాకా సాగే 65వ నంబరు జాతీయ రహదారి మీద లారీల రొద ఆగదు. కర్ణాటక సరిహద్దు పక్కనే కావడంతో దాబాల్లో చాయ్ తెల్లారేదాకా మరుగుతూనే ఉంటుంది. చెరకు క్రషింగ్ రోజుల్లో లోడుతో నిలబడ్డ ట్రాక్టర్ల వరుస ఎప్పుడు కదులుతుందో తెలియదు. ట్రాలీ కింద దుప్పటి పరుచుకున్న డ్రైవర్ ఓ చెవి ఇంజిన్ల చప్పుడు మీదే ఉంచి పడుకుంటాడు. ఫ్యాక్టరీల్లో రాత్రి షిఫ్టు సరేసరి.

ఇలాంటివాళ్లలో ఎవరిని కదిలించినా వచ్చే జవాబు దాదాపు ఒకటే: ‘‘టెన్షన్లకు నిద్ర వడ్తలేదు.’’

ఆ మాటలో అబద్ధం లేదు. కానీ అది సగం కథ. నిద్ర పట్టకపోవడం వల్ల కూడా టెన్షన్ పుడుతుంది. కారణమేదీ లేకుండానే పుడుతుంది. అప్పు తీరిపోయినా, పిల్లకు సీటు దొరికినా గుండెల్లో బుగులు మాత్రం పోదు. అప్పుడు మనిషి దానికో కారణం వెతుక్కుంటాడు. ఇంట్లోవాళ్ల మీద అరుస్తాడు. ఫోన్ మోగితే ఏదో చెడు వార్తేనని ఉలిక్కిపడతాడు.

దీన్ని నిద్ర పరిశోధకుడు మాథ్యూ వాకర్ బృందం 2007లో స్కానింగ్ యంత్రంలో చూసింది. సుమారు 35 గంటలు మెలకువగా ఉంచిన యువతీయువకులకు మనసును కలవరపెట్టే బొమ్మలు చూపించారు. మెదడులో భయాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం, కంటినిండా పడుకున్నవాళ్లలో కంటే 60 శాతం ఎక్కువగా స్పందించింది. నుదుటి వెనకుండే ముందు మెదడు మామూలుగా దానికి బ్రేకు వేస్తుంది. నిద్ర లేనప్పుడు ఆ రెండింటి మధ్య లంకె సడలుతుంది. ఘాట్ రోడ్డులో బ్రేకు సరిగ్గా పడని లారీ ఎలా ఉంటుందో ఈ ఊరి డ్రైవర్లకు వేరే చెప్పక్కర్లేదు.

అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో జరిగిన మరో పరిశోధన 2019లో వెలువడింది. రాత్రంతా మెలకువగా ఉన్నవారిలో ఆందోళన 30 శాతం దాకా పెరగవచ్చని తేలింది. గాఢనిద్ర ఎంత ఎక్కువ దక్కితే మర్నాడు మనసు అంత కుదుటపడింది. ఒత్తిడి హార్మోను కార్టిసాల్ కథ కూడా అలాంటిదే. అది పొద్దున పెరిగి, సాయంత్రానికి తగ్గాలి. ఆరోగ్యంగా ఉన్న యువకులను ఒక్క రాత్రి నాలుగు గంటలే పడుకోనిస్తే, మర్నాటి సాయంత్రం అది 37 శాతం ఎక్కువగా ఉందని 1997 నాటి అధ్యయనం చెప్పింది. ఒళ్లు అలిసి ఉంటుంది, రక్తంలో మాత్రం ఇంకా పొద్దుగూకదు. నిద్ర పట్టదు, బుగులు పెరుగుతుంది, ఆ బుగులుతో మళ్లీ నిద్ర పట్టదు.

రాత్రి షిఫ్టు దిగిన మనిషి ఇంటిని చూడండి. రేకుల గది. ఎండాకాలం తొమ్మిదింటికే కాగుతుంది. పక్కింట్లో మిక్సీ, సందులో కూరగాయల బండి మైకు. అతికష్టం మీద కన్ను అంటుకుందో లేదో, ‘‘జెర లెవ్వు, సిలిండరొచ్చింది, ఓటీపీ చెప్పు’’ అంటూ భార్య తట్టి లేపుతుంది. ఆమె తప్పేం లేదు, ఫోన్ నంబరు అతనిది. పగలు పడుకున్నవాణ్ని లేపడం తప్పని మనలో ఎవరికీ అనిపించదు. అర్ధరాత్రి పూట ఎవరి తలుపైనా ఇంత ధీమాగా కొడతామా?

రైతుల సంగతి మరోటి. ఈ ఎర్ర నేలల్లో చెరకు, అల్లం, ఆలుగడ్డ వేసేవాళ్లకు త్రీఫేజ్ కరెంటు విడతలుగా వచ్చే రోజులు బాగా గుర్తు. రాత్రి విడత కోసం మోటారు దగ్గరే మంచం, చేతిలో టార్చి, మడిలో పాముల భయం. తెలంగాణలో 2018 జనవరి 1న సేద్యానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. దాని ఖర్చు మీద ఎంతో రభస జరిగింది కానీ, దానివల్ల రైతుకు ఎంత నిద్ర తిరిగొచ్చిందో లెక్కగట్టినవాళ్లు నాకు కనబడలేదు.

ఈ ప్రాంతానికి నిద్రమందుతో ఒక చేదు అనుభవం కూడా ఉంది. అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లు తెలంగాణ పల్లెల్లో ఏళ్ల తరబడి పారింది. రెక్కలు ముక్కలు చేసుకున్న కూలీ సాయంత్రం తాగింది చెట్టు కల్లు కాదు, సీసాలో కరిగించిన నిద్రమాత్ర. 2015లో సర్కారు దాడులతో ఆ సరుకు ఆగేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల ఆస్పత్రులకూ, ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకూ బాధితులు బారులుతీరారు. చేతుల వణుకు, ఫిట్స్, పిచ్చి చూపులు, రాత్రంతా జాగారం. మందుకు అలవాటుపడ్డ మెదడు తనంతట తాను నెమ్మదించడం మరిచిపోతుంది. హఠాత్తుగా మానేస్తే అణిగి ఉన్న ఆందోళన అంతకంతై లేస్తుంది. చీటీ లేకుండా మెడికల్ షాపులో మాత్రలు అడిగేవాళ్లు ఆ రోజులు తలుచుకోవాలి. ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా ఆపకుండా డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. క్వార్టర్ కూడా అంతే: తొందరగా పడుకోబెడుతుంది, అర్ధరాత్రి దాటాక లేపేస్తుంది.

దీర్ఘకాలిక నిద్రలేమికి మొదట ఇవ్వాల్సింది మాత్ర కాదు, అలవాట్లను మార్చే మానసిక చికిత్స అని అమెరికా వైద్యుల సంఘం ‘అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్’ 2016లో సిఫార్సు చేసింది. అందులో కొన్ని ఇంట్లోనూ చేయొచ్చు. ఎప్పుడు పడుకున్నా ఒకే వేళకు లేవడం. నిద్ర రాకపోతే మంచం మీద దొర్లకుండా లేచి కూర్చుని, కళ్లు బరువెక్కాకే మళ్లీ వెళ్లడం. రేపు చేయాల్సినవి పడుకునే ముందు కాగితం మీద రాసిపెట్టడమూ పనికొస్తుంది. చాయ్‌లోని కెఫీన్ సగం కరగడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది కాబట్టి సాయంత్రం తర్వాత దాన్ని తగ్గించాలి. పెద్దగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడేవాళ్లు మాత్రం డాక్టర్‌కు చూపించుకోవాల్సిందే. బుగులు రోజుల తరబడి వదలకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.

ఈ జాబితా షిఫ్టు మనిషికి ఇచ్చి చేతులు దులుపుకుంటే అది అన్యాయం. ఒకే వేళకు లేవమని చెప్పడం తేలికే, షిఫ్టు వారం వారం మారేవాడు ఎలా లేస్తాడు? షిఫ్టులు మార్చక తప్పనప్పుడు పొద్దుటి నుంచి సాయంత్రానికి, అక్కణ్నుంచి రాత్రికి జరిపితే, వెనక్కి జరపడం కంటే ఒంటికి తేలిక. ఇది కార్మికుడి చేతిలో లేదు, షిఫ్టులు వేసే సూపర్‌వైజర్ చేతిలో ఉంది. మోటారు రవాణా కార్మికుల పని రోజుకు 8 గంటలు మించకూడదని 1961లోనే చట్టం వచ్చింది. ట్రిప్పుల లెక్కన బతికే డ్రైవర్‌కు ఆ 8 గంటలు కాగితం మీదివే. కళ్లు మూతలు పడుతున్నప్పుడు అతనికి కావాల్సింది కిటికీ గాలి, పాటల హోరు కాదు, 20 నిమిషాల కునుకు. దానికి హైవే పక్కన లారీ ఆపుకోవడానికి వెలుతురున్న జాగా ఉండాలి, ఆ 20 నిమిషాల్లో ‘‘యాడున్నవ్?’’ అంటూ ఓనర్ ఫోన్ రాకుండా ఉండాలి.